నాబ్ వాళ్ల చేతిలోనే ఉంటుంది: స్పిన్ క్లాసు చెప్పాలనుకునేవాళ్లకు

హన్మకొండలో పొద్దున ఆరు గంటల బ్యాచ్ అంటే అయిదున్నరకే షట్టర్ ఎత్తాలి. తొమ్మిదేళ్లుగా నాకు అలాగే తెల్లారుతోంది. అంతకుముందు ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేశాను. విజిల్ ఊదితే పిల్లలు ఉరికేవాళ్లు. ఎవరు ఉరుకుతున్నారో, ఎవరు దొంగనడక నడుస్తున్నారో గ్రౌండ్‌లో కంటికి కనపడేది. జిమ్‌లో కదలకుండా ఒకేచోట తొక్కే స్పిన్ బైక్‌ల దగ్గరికొచ్చాక ఆ సుఖం పోయింది. పన్నెండు మంది ఒకేలా తొక్కుతున్నట్టు ఉంటారు. అందులో ఒకరు నిజంగా గుట్ట ఎక్కుతుంటారు, ఇంకొకరు ఊరికే చక్రం తిప్పుతుంటారు. తేడా అంతా హ్యాండిల్ కింద ఉన్న చిన్న నాబ్‌లో ఉంది: బిగిస్తే తొక్కడం బరువవుతుంది, వదిలితే తేలికవుతుంది. అది వాళ్ల చేతిలో ఉంది, ఎంత తిప్పారో నాకు కనపడదు.

"అక్కా, మేం కూడా క్లాసులు చెప్తం, ఎట్ల మొదలుపెట్టాలె?" అని ఈ మధ్య కాజీపేట నుంచి ఒక అబ్బాయి, మా బ్యాచ్‌లోనే ఇద్దరు అమ్మాయిలు అడిగారు. వాళ్లకు అప్పుడింత అప్పుడింత చెప్పిందే ఇక్కడ ఒకచోట పెడుతున్నా.

ముందు పేరు సంగతి. అందరం స్పిన్నింగ్ అనే అంటాం కానీ అది ట్రేడ్‌మార్క్. దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికా వెళ్లిన జానీ గోల్డ్‌బర్గ్ అనే సైక్లిస్టు మొదలుపెట్టిన పద్ధతి అది, 1990ల్లో ప్రపంచమంతా పాకింది. ఆ లైసెన్సు లేని జిమ్ బోర్డు మీద ఇండోర్ సైక్లింగ్ అనే రాసుకోవాలి. నోటితో ఏమన్నా ఎవరూ పట్టుకోరు.

సీటు దగ్గరే సగం క్లాసు

మీరు ఇరవై నిమిషాలు ముందు రావాలి. వామప్ చేసుకోవడానికి కాదు, సీట్లు సరిచేయడానికి.

మొదటి రోజు వచ్చిన మనిషిని బైక్ పక్కన నిలబెట్టండి. నడుము పక్కన చేతికి తగిలే ఎముక ఉంటుంది కదా, సీటు సుమారుగా ఆ ఎత్తుకు రావాలి. ఇది మొదటి అంచనా మాత్రమే. తర్వాత ఎక్కించి, మడమను పెడల్ మీద పెట్టి వెనక్కి మెల్లగా తొక్కమనండి. పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు కాలు తిన్నగా సాగాలి. ఇప్పుడు మడమ తీసి, బొటనవేలి వెనక ఉండే వెడల్పు భాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు కొద్దిగా వంగుతుంది. ఆ వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే చాలు. కొలబద్ద ఏమీ అక్కర్లేదు, నాలుగు రోజుల్లో కంటికే తెలుస్తుంది. ఆ తర్వాత రెండు పెడళ్లనూ నేలకు సమంగా ఆపమని, సీటును ముందుకో వెనక్కో జరపండి. ముందున్న మోకాలు పెడల్ ఇరుసుకు సరిగ్గా పైన ఉండాలి. హ్యాండిల్ మాత్రం కొత్తవాళ్లకు సీటు కంటే కాస్త ఎత్తులోనే పెట్టండి. పొట్ట ఉన్నవాళ్లకూ నడుం నొప్పి ఉన్నవాళ్లకూ ఇంకాస్త ఎత్తు. సినిమాల్లో రేసు సైకిల్ చూసి హ్యాండిల్ దించమనే కుర్రాళ్లుంటారు, ఒప్పుకోకండి.

మా దగ్గరికి ఒక రిటైర్డ్ లెక్చరర్ సార్ వస్తారు. మొదటి రోజు సీటు ఎంత పైకి లేపితే అంత కిందికి దించేవారు. "కాలు కింద ఆనాలె కదమ్మా" అన్నారు. చిన్నప్పుడు ఊరి నుంచి స్కూలుకు అట్లాస్ సైకిల్ మీద వచ్చిన మనిషి. రోడ్డు మీద ఆగాలంటే కాలు ఆనాల్సిందే, అది ఆయన ఒంట్లో ఉండిపోయింది. "సార్, ఇది పడిపోదు, దీనికి స్టాండు అక్కర్లేదు" అంటే నవ్వారు గానీ నమ్మలేదు. వారం తర్వాత మోకాలి చిప్ప ముందు నొప్పి అన్నారు. మోకాలి ముందు భాగం నొప్పి అంటే చాలాసార్లు సీటు తక్కువైందని. మోకాలి వెనక పట్టేస్తే సీటు ఎక్కువైందని. వెనక నుంచి చూస్తే తుంటి అటూ ఇటూ ఊగుతుంటే కూడా ఎక్కువైనట్టే. సార్‌ది రెండు రంధ్రాలు లేపాక నొప్పి తగ్గింది. ప్రతి మనిషి సీటు నంబరు, హ్యాండిల్ నంబరు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండో రోజు పేరు పెట్టి పిలిచి, "సార్, మీది ఏడు" అంటే వాళ్లకు ఎంత సంతోషమో చూడండి.

తొక్కడానికి ముందే ఆపడం నేర్పాలి. ఎక్కువ స్పిన్ బైక్‌లలో చక్రానికీ పెడల్‌కూ మధ్య ఫ్రీవీల్, అంటే రోడ్డు సైకిల్లో కాళ్లు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఏర్పాటు, ఉండదు. మనం కాళ్లు ఆపినా పదిహేను, ఇరవై కిలోల చక్రం ఆగదు, కాళ్లను లాక్కుపోతుంది. నాబ్‌ను కిందికి గట్టిగా నొక్కితే బ్రేక్ పడుతుంది. కొత్తవాళ్లతో ఇది మూడుసార్లు చేయించి గానీ నేను పాట పెట్టను.

బట్టల సంగతి మగ ఇన్‌స్ట్రక్టర్లకు తట్టదు, అందుకే విడిగా చెప్తున్నా. చున్నీ బయటే, బ్యాగులో. మెడకు చుట్టుకుంటానన్నా వద్దు. తిరిగే చక్రానికి చున్నీ చిక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వదులు పైజామా అయితే చీలమండ దగ్గర రబ్బరు బ్యాండ్. ముందుకు వంగినప్పుడు పుస్తెలతాడు ఊగి హ్యాండిల్‌కు తగులుతుంది, లోపలికి వేసుకొమ్మని ముందే చెప్పండి. మెట్టెలున్నవాళ్లకు పెడల్ పట్టీ బిగిస్తే వేళ్లు నలుగుతాయి, మందం సాక్సు వేసుకుంటే సరిపోతుంది. చెప్పులతో ఎవరినీ ఎక్కించొద్దు. షూ లేసు చివరలు లోపలికి దోపాలి.

నా తప్పు ఒకటి

ఇది నాకు రెండో ఏడాదిలో జరిగింది. పెళ్లి నెల రోజులుందని ఒక అబ్బాయి చేరాడు. ఇరవై ఆరేళ్లు, క్రికెట్ ఆడతాడు, చూడటానికి గట్టిగానే ఉన్నాడు. మొదటి రోజే పూర్తి క్లాసు తొక్కాడు. "ఇంకో బ్యాచ్‌ల కూడా ఉంటనక్కా" అంటే నేను మురిసిపోయి సరేనన్నా. ఎల్లుండికి తొడలు ఉబ్బి, కుర్చీలోంచి లేవలేని పరిస్థితి. మూత్రం కోలా రంగులో వచ్చిందని వాళ్లన్న ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలైన్ మీద ఉంచారు. కిడ్నీలు బాగుపడ్డాయి, పెళ్లి కూడా అనుకున్న రోజుకే అయింది. కానీ ఆ నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు.

దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా విపరీతంగా వాడితే కండర కణాలు పగిలి, లోపలి పదార్థాలు రక్తంలో కలుస్తాయి. వాటిలో మయోగ్లోబిన్ అనేది కిడ్నీలకు దెబ్బ. మొదటిసారి స్పిన్ క్లాసుకు వచ్చినవాళ్లలో ఇది కనపడటం డాక్టర్లకు తెలిసిన విషయమే. తొడ కండరాలు పెద్దవి, పైగా ఇక్కడ ఆగుదామంటే సిగ్నలూ ఉండదు, గుంతా ఉండదు. బలహీనుల కంటే వేరే ఆటలో ఫిట్‌గా ఉండి, "నాకేం కాదు" అనుకునే కుర్రాళ్ల విషయంలోనే జాగ్రత్త పడాలి.

అప్పటి నుంచి నాకు ఒక పద్ధతుంది. మొదటి క్లాసు 20, 25 నిమిషాలే, ఎంత బతిమాలినా దింపేస్తా. మొదటి రోజు సీటు మీంచి లేచి తొక్కడం లేదు. మొదటి వారం ఒకరోజు విడిచి ఒకరోజు. వెళ్లేటప్పుడు ప్రతి కొత్త మనిషికీ చెప్తా: రేపో ఎల్లుండో మామూలు ఒళ్లునొప్పులు వస్తాయి, అది ఫర్వాలేదు. తొడలు వాచినా, మూత్రం నల్లగా వచ్చినా నాకు ఫోన్ చేయడం తర్వాత, ముందు ఆసుపత్రికి పొండి.

బండ్, బ్రిడ్జి, గుట్ట

నాబ్ దగ్గరికి వద్దాం. కొత్త ఇన్‌స్ట్రక్టర్లు చేసే మొదటి తప్పు "అందరూ రెండు రౌండ్లు టైట్ చేయండి" అనడం. నాబ్ తిప్పితే చక్రానికి ఒత్తుకునే బ్రేక్ ప్యాడ్ మూడో నంబర్ బైక్‌కు అరిగిపోయి ఉంటుంది, రెండు రౌండ్లు తిప్పినా ఏమీ తెలియదు. ఏడో నంబర్‌కు నిన్ననే కొత్త ప్యాడ్ వేశారు, అర రౌండుకే కాలు కదలదు. అంకెతో చెబితే ఒకరు ఆడుకుంటారు, ఒకరు చచ్చిపోతారు. కాలికి ఎలా తెలియాలో చెప్పాలి.

"పదిలో ఏడు కష్టం" అనే స్కేలు కోర్సుల్లో నేర్పుతారు. మంచిదే, కానీ మా బ్యాచ్‌లో ఏడంటే ఏంటో ఎవరికీ పట్టలేదు. ఒకరోజు విసిగిపోయి ఊరి పేర్లు పెట్టా. బండ్ అంటే భద్రకాళి బండ్ మీద సైకిల్: పక్కవాళ్లతో మామూలుగా ముచ్చట పెట్టగలగాలి. బ్రిడ్జి అంటే ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కడం: రెండు మూడు మాటలు అనగానే ఊపిరి తీసుకోవాలి. గుట్ట అంటే పద్మాక్షి గుట్ట: "ఊఁ" తప్ప ఇంకో మాట రాకూడదు. ఆ రోజు నుంచి చెప్పడం తేలికైంది. "బ్రిడ్జి వరకు టైట్ చేయుండ్రి" అంటే ఎవరి బైక్‌కు తగ్గట్టు వాళ్లు తిప్పుకుంటారు. తర్వాత నేను దిగి ఒకరి దగ్గరికి వెళ్లి "పొద్దున ఏం తిన్నరక్కా?" అని అడుగుతా. ఉప్మాలో ఏమేం వేసిందో అంతా చెప్పిందంటే ఆమె ఇంకా బండ్ మీదే ఉంది. నేనే కొంచెం తిప్పుతా, అడిగి.

దిగి తిరగడం చాలా ముఖ్యం. మొదటి ఏడాది నేను ముందు బైక్ మీదే కూర్చుని, అందరికంటే గట్టిగా తొక్కి, చెమటతో తడిసి, గొప్ప క్లాసు చెప్పాననుకునేదాన్ని. నా ఎక్సర్‌సైజ్ నేను చేసుకున్నానంతే. ఒక మే నెలలో క్లాసు మధ్య కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద రెండు లైట్లు మాత్రమే వెలిగాయి. పాట ఆగింది. బైక్‌లకు కరెంటుతో పనిలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. నేను దిగి వరసల మధ్య నడిచా, అప్పుడు మొదటిసారి చక్రాల చప్పుడు విన్నా. లూజుగా ఉన్న చక్రం సన్నగా, గాలి కోస్తున్నట్టు ఈల వేస్తుంది. సరిగ్గా పట్టిన ప్యాడ్ గరగరమని ఒకే తీరుగా రాస్తుంది. మరీ బిగించినప్పుడు చప్పుడు ఒకే తీరుగా రాదు, కాలు కిందికి పడ్డప్పుడల్లా ఒక విసురు, మళ్లీ నెమ్మది. పన్నెండింటిలో అయిదు ఈలలు వేస్తున్నాయి! ఇప్పుడు ప్రతి క్లాసులో ఒక రెండు నిమిషాలు కావాలనే పాట ఆపేస్తా. ప్యాడ్ బదులు అయస్కాంతంతో చక్రాన్ని పట్టే మాగ్నెటిక్ బైక్‌లలో ఈ చప్పుడు రాదు, అక్కడ తుంటిని, కాళ్లను చూడాలి. సీటు మీద ఎగిరెగిరి పడుతున్నారంటే బరువు చాలలేదు. భుజాలు చెవుల దగ్గరికి వచ్చి, ఒళ్లంతా పక్కకు ఊగుతుంటే బరువు ఎక్కువైంది.

లెక్క కూడా ఉంటే మంచిది. కుడి మోకాలు పైకి వచ్చినప్పుడల్లా పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించమనండి. సాపు రోడ్డు మీద నిమిషానికి 80 నుంచి 110 చుట్లు, ఎక్కుడు మీద 60 నుంచి 80. అరవై కంటే తగ్గితే మోకాళ్ల మీద భారం, నాబ్ వదలాలి. 110 దాటితే కాళ్లను చక్రమే తిప్పుతోందని, నాబ్ బిగించాలి. కొత్తవాళ్లకు నేను వంద దాటనివ్వను.

యూట్యూబ్‌లో చూసి హ్యాండిల్ మీద పుషప్స్, చేతుల్లో డంబెల్స్, చేతులు వదిలేసి తొక్కడం అడుగుతారు. నేను చేయించను. ఆగని చక్రం మీద కూర్చుని చేతులు వదలడం దేనికి?

పాటలు

పాట ఎంపికలో అందరూ వాళ్లకిష్టమైనది పెడతారు. ముందు పాటలో దెబ్బలు (బీట్స్) లెక్కపెట్టండి. నిమిషానికి 128 దెబ్బలున్న పాటకు దెబ్బకో కాలు వేస్తే 64 చుట్లు, అంటే ఎక్కుడు పాట. సాపు రోడ్డుకు 90 చుట్లు కావాలంటే 180 దెబ్బల పాటైనా కావాలి, లేదంటే 90 దెబ్బల పాటలో ప్రతి దెబ్బకూ కుడికాలే పడాలి. ఇది తెలియక 145 దెబ్బల డ్యాన్స్ పాట పెట్టి "ఫాస్ట్, ఫాస్ట్" అని అరుస్తారు. అది 72 చుట్లు. కాళ్లు పాట వింటాయి, మిమ్మల్ని కాదు.

మన దగ్గర తీన్‌మార్ లేకుండా క్లాసు నడవదు. కానీ తీన్‌మార్ మూడు మీద తిరుగుతుంది, మనకున్నవి రెండు కాళ్లు. దెబ్బకో కాలు వేస్తే గట్టి దెబ్బ ఒకసారి కుడి మీద, మరోసారి ఎడమ మీద పడుతుంది. పాతవాళ్లకు అదే మజా, రెండు కాళ్లకూ సమంగా పని. కొత్తవాళ్లు తడబడి కాలు జారతారు. అందుకే తీన్‌మార్‌ను సగం క్లాసు తర్వాత, నాబ్ బాగా బిగించి ఉన్నప్పుడే పెడతా. దసరా ముందు తొమ్మిది రోజులు చివర్లో చల్లబడేటప్పుడు బతుకమ్మ పాటలు పెడితే ఆడవాళ్లు తొక్కుతూనే చప్పట్లు మొదలుపెడతారు. ఆ అయిదు నిమిషాలు చేతులు వదిలే విషయంలో నా రూలు నేనే మరిచిపోతా, నాబ్ మాత్రం బిగించి ఉండాలి.

మారేది ఏదైనా మారకముందే చెప్పాలి. ఎనిమిది దెబ్బల ముందు. చెప్పాల్సినవి మూడే: ఎంతసేపు, ఎంత కష్టం, కూర్చునా లేచా. "నలభై సెకన్లు, బ్రిడ్జి, కూర్చునే." ఇంతకంటే ఎక్కువ మాట్లాడితే ఎవరూ వినరు. మాట్లాడేటప్పుడు పాట సౌండ్ తగ్గించండి, మీ గొంతు పెంచకండి. మొదటి ఏడాది నాకు రెండుసార్లు గొంతు పూర్తిగా పోయింది, ఇంట్లో పిల్లలు పండగ చేసుకున్నారు. జిమ్‌లో పాటలు వేయాలంటే పాటల హక్కులు చూసే పీపీఎల్, ఐపీఆర్ఎస్ సంస్థల లైసెన్సులుంటాయి. అవి ఓనర్ చూసుకోవాలి, ఉన్నాయా అని చేరేముందే అడగండి.

నలభై అయిదు నిమిషాలు

నా మామూలు క్లాసు ఇలా పోతుంది. ఏడు నిమిషాలు బండ్. తర్వాత ఎనిమిది నిమిషాల ఎక్కుడు: రెండు నిమిషాలకోసారి కొంచెం బిగిస్తూ బ్రిడ్జి దాకా, చివరి నిమిషం గుట్ట. రెండు నిమిషాలు నీళ్లు. ఆ తర్వాత ముప్ఫై సెకన్లు వేగం, నిమిషం నెమ్మది, ఇది ఆరుసార్లు. మళ్లీ రెండు నిమిషాలు ఊపిరి. ఇంకో ఎక్కుడు, ఈసారి తీన్‌మార్‌తో, ఓపికున్నవాళ్లు లేచి. చివరి అయిదు నిమిషాలు బండ్, దిగాక సాగదీయడం. ఆ చివరి బండ్ ఎగ్గొట్టి దిగి పరిగెత్తేవాళ్లను ఆపండి. గట్టిగా తొక్కి ఒక్కసారి ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. పడేది బైక్ మీద కాదు, బాత్రూంలో.

చేరిన రోజే కాగితం మీద నాలుగు ప్రశ్నలు: గుండె, బీపీ, షుగర్, మోకాలు లేదా నడుం. గర్భిణులైతే డాక్టర్ మాటే నా మాట. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ల గుండె వేగం మాత్రల వల్లే అంతగా పెరగదు. చేతి వాచీలో నంబర్ తక్కువ చూపిస్తోందని వాళ్లను ఇంకా గట్టిగా తొక్కించకండి, వాళ్లకు ఎన్ని మాటలు రాగలుగుతున్నాయో చూసే పరీక్షే నమ్మకం. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఆరింటికి ఖాళీ కడుపుతో వస్తారు. నా టేబుల్ మీద గ్లూకోజ్ ఎప్పుడూ ఉంటుంది. చేతులు వణుకుతూ చెమట చల్లగా పడుతుంటే దింపి అది కలిపి తాగిస్తా. ఛాతీలో బరువు, దవడకు చేతికి పాకే నొప్పి అంటే గ్యాస్ అని ఎవరన్నా వినొద్దు, 108. సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కడం, నేర్చుకోకుండా క్లాసు చెప్పకండి: నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవాళ్లకు కనీసం అయిదు సెంటీమీటర్ల లోతు. ఆ వేగంలో ఉండే పాట మీ లిస్టులో ఎలాగూ ఉంటుంది, గుర్తుపెట్టుకోండి.

వేసవిలో 44 డిగ్రీలు దాటే ఊరు మనది. ఏప్రిల్ నుంచి సాయంత్రం బ్యాచ్‌కు రెండో ఎక్కుడు తీసేస్తా. క్లాసు తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ. ఎండాకాలం చెమట ఎక్కువ పోతే బరువు తగ్గినట్టు మురిసిపోతారు. అది నీళ్లేనని నెలకోసారి చెప్పాల్సి వస్తుంది.

డబ్బు సంగతి రెండు ముక్కలు. క్లాసుకింత అని మాట్లాడుకునేటప్పుడు, ముగ్గురే వస్తే ఎంత, రద్దయితే ఎంత అని కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడి నేను ఒకచోట రెండు నెలల డబ్బు పోగొట్టుకున్నా. సర్టిఫికెట్ కోర్సు చేస్తే మంచిదే, కానీ దానికి ముందు ఎవరి క్లాసులోనైనా వెనక వరసలో ముప్ఫై సార్లు తొక్కండి. వెనక వరసలో ఏమీ వినపడదని అక్కడే తెలుస్తుంది.

అందరూ వెళ్లాక తుడవడం మీ పనే. చెమటలో ఉప్పుంటుంది, హ్యాండిల్ స్తంభం, నాబ్ కింద స్క్రూలు ముందు తుప్పుపడతాయి. తడి గుడ్డ, వెంటనే పొడి గుడ్డ. చక్రం మీద, ప్యాడ్ మీద స్ప్రే కొట్టకండి. వారానికోసారి ప్రతి పెడల్‌ను చేత్తో ఊపి చూడండి, కదిలితే ఆ బైక్ మీద ఎవరినీ ఎక్కించకుండా సీటు మీద టవల్ కట్టేయండి. బిగించేటప్పుడు గుర్తుంచుకోండి, ఎడమ పెడల్ మర అందరూ అనుకునే దానికి తిరుగుడు. కుడిది కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమది ఎడమకు. మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి ఎడమదాన్ని గంటసేపు కుడికి తిప్పి, మర అంతా కొరిగించి, "అక్కా, ఈ బైక్ ఖరాబైంది" అని వచ్చాడు. ఆ క్రాంక్ మార్చడానికి పన్నెండు రోజులు పట్టింది, ఆ పన్నెండు రోజులూ లెక్చరర్ సార్ తన బైక్ ఏదని నన్నే అడిగారు.